బాలమణి అత్త కోసం ఎంచిన కప్పు

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం అమ్మ నా చెయ్యి పట్టుకుని నాగ్‌పాడాలో పింగాణీ సామాను అమ్మే దుకాణానికి తీసుకెళ్లింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కామాటిపురాలో, వరసగా ఒంటిగదులుండే మా చాల్‌లో ఎవరింట్లో చూసినా స్టీలు గిన్నెలే... పింగాణీ అంటే నాకు ఇరానీ హోటల్లో నాయిన చాయ్ తాగే కప్పే తెలుసు.

"నీకు ఏది మంచిగ అనిపిస్తే అది తియ్యి బిడ్డా... మీ అత్తకు" అంది అమ్మ.

బాలమణి అత్త మా నాయిన చెల్లెలు. మహబూబ్‌నగర్ దగ్గరి ఊరి నుంచి వచ్చి, కట్టే బిల్డింగుల మీద సిమెంటు తట్టలు మోసేది. మా ఒంటిగది ఖోలీలోనే మాతో ఉండేది. నేనూ ఆమే ఒకే తలెలో అన్నం తినేవాళ్లం... నా ముద్దలన్నీ ఆమే కలిపేది.

ఆ దుకాణంలో చాలాసేపు వెతికి, ఒక తెల్లటి కప్పు చూపించాను. చుట్టూ సన్నటి నీలం పూలతీగ, అంచుకు బంగారు గీత. దానికి జతగా ఒక పళ్లెం. అమ్మ కప్పును వెలుగుకు పట్టి చూసింది. ఎక్కడైనా జీర ఉందేమోనని లోపల వేలు పెట్టి తిప్పింది. గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. మోత బాగాలేదని దాన్ని పక్కన పెట్టి, అలాంటిదే ఇంకోటి తీయించింది. మా అమ్మ ఒక వస్తువును అంత శ్రద్ధగా ఎంచడం నేనెప్పుడూ చూడలేదు.

"గింత మంచిది ఎందుకమ్మా?" అనడిగాను.

"రోజూ గదే సూస్కోవాలె గదా అది... మంచిగుండాలె."

నాకేం అర్థం కాలేదు.

ఇంటికి తెచ్చాక అత్త దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంది. "నాకొక్కదానికేనా వదినా? మరి మీకు?" అంది. అమ్మ స్టవ్ వైపు తిరిగిపోయింది.

అంతకు నాలుగు రోజుల ముందే దవాఖానాలో అత్తకు టీబీ అని తేల్చారట. మందులిచ్చారట. చాల్ గ్యాలరీలో ఆడవాళ్లు మాత్రం పిల్లలున్న ఇల్లు కదా, ఆమె తలె, గిలాస వేరే పెట్టమని అమ్మకు చెప్పారట... ఇవన్నీ నాకు తర్వాతెప్పుడో తెలిశాయి.

మర్నాటి నుంచి అత్త తలుపు దగ్గర కూర్చుని ఆ పళ్లెంలో తినేది. గది మూలన గిన్నెలు కడిగే మోరీలో తన కప్పు, పళ్లెం తనే కడుక్కుని విడిగా బోర్లించేది. మొదటి రోజు నేను పక్కన కూర్చోబోతే అమ్మ రెక్క పట్టి లాగింది.

ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. ఆ బంగారు గీత మీద పెదవులు పెట్టి ఒక్కసారి చాయ్ తాగాలని ఎన్నాళ్లుగానో నా కోరిక... పోసుకున్నాను. రెండు గుక్కలు తాగానో లేదో, నీళ్ల బకెట్‌తో అమ్మ వచ్చింది. చెంప మీద పడిన దెబ్బకు కప్పు చేతిలోంచి జారి గోనెపట్టా మీద పడింది.

"సస్తవా? దాని ఎంగిలి తాగి సస్తవా?"

అమ్మ వెనకాలే, తలుపులో, అత్త నిలబడి ఉంది.

లోపలికి వచ్చి కప్పు తీసుకుంది. కడిగింది. బోర్లించింది. నా వైపు చూడలేదు. ఆ రోజు నుంచి నేను దగ్గరికి వెళ్లినా తనే జరిగిపోయేది.

మందులు ఒక్క పూట మానలేదు ఆవిడ. కొన్ని నెలల తర్వాత అందరం అన్నాలు తింటుంటే మెల్లగా అంది... "డాక్టర్ సాబ్ చెప్పిండు వదినా. నయమైందంట. ఎవ్వలకీ అంటుకోదంట. అందరితోటి తినొచ్చంట."

"చెప్తరు వాళ్లు... ఇంకొన్నాళ్లు సూద్దాం" అంది అమ్మ. నాయిన తల వంచుకుని తింటూనే ఉన్నాడు.

ఆ కొన్నాళ్లు ఎంతకీ తీరలేదు. ఒక ఆదివారం అత్త బట్టలు మూట కట్టుకుని, తనతో పనిచేసే ఆవిడ ఖోలీకి, వర్లికి వెళ్లిపోయింది. కప్పు, పళ్లెం కడిగి పెట్టి మరీ వెళ్లింది. అమ్మ వాటిని పాత గుడ్డలో చుట్టి చెత్తకుండీలో వేసి వచ్చింది.

ఇప్పుడు మాది డోంబివలీలో కొత్త ఫ్లాట్. అమ్మ నాతోనే ఉంటుంది. నేనూ మా అమ్మాయీ నెలరోజులు తిరిగి, చేత్తో చేసిన పింగాణీ కప్పులు ఎంచాం. బయట ఇసుక రంగు, లోపల ఆకుపచ్చ మెరుగు... పట్టుకుంటే, చేసినవాళ్ల వేళ్లు తిరిగిన గీతలు చేతికి తెలుస్తాయి. మా అమ్మాయి ఒక్కొక్కరికి ఒక్కో రంగు తీసుకుందామంది. ఇప్పుడు అదే పద్ధతట. నేను ఒప్పుకోలేదు. పన్నెండూ ఒకేలా ఉండాలి, ఏది ఎవరిదో తెలియకూడదు అన్నాను.

గృహప్రవేశానికి వర్లి వెళ్లి అత్తను పిలిచాను. వచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. సోఫా ఉండగా తలుపు పక్కన నేల మీదే కూర్చుంది. నేను కప్పులు తెచ్చేలోగా చేతిసంచిలోంచి ఒక స్టీలు గిలాస తీసి ముందు పెట్టుకుంది.

"ఇదేందత్తా... ఇన్ని కప్పులుండంగ?"

"అలవాటైంది బిడ్డా. యాడికి పోయినా నాది నేను తెచ్చుకుంట. ఎవ్వలకీ కష్టముండది."

వంటింటి గుమ్మంలోంచి అమ్మ ఈ మాట వింది. వచ్చి, నా చేతిలోంచి చాయ్ గిన్నె తీసుకుంది. ఏమైనా అంటుందని చూశాను... కనీసం ఆ గిలాస లోపల పెట్టుకొమ్మనైనా అంటుందని.

అమ్మ వంగి, ఆ గిలాసలోనే పోసింది. గిన్నె అంచు తగలకుండా... జానెడు ఎత్తు నుంచి.

ఇప్పుడు ఎవరి కప్పు వాళ్లకే అని ముచ్చటపడి కొనుక్కుంటున్నాం. ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం వేరు... మీ ఇళ్లలోనూ ఎవరికైనా అలా వేరుగా పెట్టారా? వాళ్లు తర్వాత ఏమయ్యారో తెలిస్తే రాయండి. నేనైతే మళ్లీ వర్లి వెళ్లలేదు... ముఖం చెల్లలేదు.