ఇరవై నాలుగు అరల పెట్టె

నాచారం పారిశ్రామికవాడలో నేను ఉద్యోగానికి చేరిన షెడ్డుకు సరైన బోర్డు కూడా ఉండేది కాదు. వానలకు సగం రంగు పోయింది, మిగిలిన సగం మీద ఎవరో ట్యూషన్ల కాగితం అంటించారు. లోపల మాత్రం రేకుతో చేయగలిగినవన్నీ చేసేవాళ్ళం. కరెంటు ప్యానెల్ డబ్బాలు, ఫైళ్ళ బీరువాలు, ఎండాకాలం దగ్గర పడితే కూలర్ల బాడీలు. నేను మెకానికల్ డిప్లొమా చదివి, రామంతాపూర్‌లోని మా ఇంటి నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేదాన్ని. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ అని పెద్ద పేరే ఉంది గానీ, ఇంకొకరు చేసిన వస్తువును కొలిచి బాగాలేదని చెప్పడమే నా పని.

షెడ్డులో అందరికంటే పెద్దవాడు మా ఫోర్‌మన్. జనగామ వైపు నుంచి చిన్న వయసులోనే వచ్చి, రేకుతోనే జీవితం గడిపిన మనిషి. యజమానితో సహా అందరూ ఆయన్ని మామ అనేవారు. రేకును వేలితో కొట్టి, ఆ చప్పుడు విని మందం చెప్పేవాడు. నేను వెర్నియర్ కొలబద్ద పెట్టి చూస్తే ఆయన చెప్పిందే తేలేది. అందుకే నా ఉద్యోగం ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. మొదటిరోజే నా ముందే యజమానిని అడిగాడు.

"గీ బిడ్డ ఏం జేస్తది?"

"నువ్వు జేసింది కొలుస్తది మామా."

"నేను కొలిచినంకనా?"

"అవ్, మళ్ళ కొలుస్తది."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "సరే, కొలవనీ. కొలిస్తె రేకేమన్న కరుగుతదా" అని తన పనిలోకి వెళ్ళిపోయాడు.

మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్వి పెట్టిన రోజులవి. ఒక ఉదయం ఉప్పల్‌లోని ఒక కంపెనీ నుంచి ఇంజనీరు ఒకాయన, దుమ్ము కొట్టుకుపోయిన కారులో ఒక పెట్టె తెచ్చాడు. గుంటూరు వైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ప్రతి మాటకూ 'అండీ' తగిలించేవాడు. పెట్టెను నలుగురం పట్టుకొని బల్ల మీదికి ఎత్తాం. టీవీ కింద పెట్టే డీవీడీ ప్లేయర్‌కు పెద్దన్నలా ఉంది. ముందువైపు ఇరవై నాలుగు నిలువు అరలు, ఒక్కో అరలో అరచేతి వెడల్పున ఒక డ్రైవు, వెనక వరుసగా చిన్న ఫ్యాన్లు. బ్యాంకులు, ఆస్పత్రుల వంటి పెద్ద సంస్థల లెక్కలూ వివరాలూ దాచే యంత్రానికి ఇది ఒళ్ళు. లోపలి ఎలక్ట్రానిక్స్ వాళ్ళు చూసుకుంటారు, ఈ రేకు ఒళ్ళు మేం చేసివ్వాలి. అంతవరకు దాన్ని విదేశం నుంచి తెప్పించుకునేవారట.

మామ పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మోటరేది సారూ?"

"మోటారు లేదండీ. పాత డిస్కుల్లో లోపల పళ్ళెం గిర్రున తిరిగేది. ఇందులో తిరిగేదేమీ ఉండదు. అంతా చిప్పులే. ఫ్లాష్ మెమరీ అంటారు."

"తిరుగకుంటె ఎట్ల నడుస్తది?"

ఇంజనీరు తల గోక్కున్నాడు. కాసేపు ఆలోచించి, "మీ ఫోనులో మెమరీ కార్డు ఉందాండీ?" అని అడిగాడు. మామ ఫోను వెనక మూత తీసి, బ్యాటరీ తీసి, గోరంత కార్డును అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇందులో ఏమున్నాయి?"

"పాటలు. ఐదు వందలు."

"మరి ఇది తిరుగుతోందా?"

"లేదు."

"అంతేనండీ. ఇలాంటి చిప్పులే ఈ డ్రైవుల నిండా ఉంటాయి."

మామ కార్డునూ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు. చివరికి, "అంటే దీంట్ల మస్తు పాటలు పడుతయన్నట్టు" అన్నాడు. ఇంజనీరు కాదనలేకపోయాడు. ఆ రోజు నుంచి మా షెడ్డులో దాని పేరు పాటల డబ్బా. యజమాని కూడా ఒకసారి పొరపాటున కంపెనీ వాళ్ళతో ఫోనులో ఆ మాటే అనేసి, తర్వాత ఒక నిమిషం దగ్గాడు.

చూడటానికి డబ్బాయే గానీ, దాని గారాలు అన్నీ ఇన్నీ కావు. యంత్రం నడుస్తుండగానే పాడైన డ్రైవును లాగి, కొత్తది తోయగలగాలి. అందుకని ప్రతి అరలోనూ డ్రైవు ఒక్క వేలితో తోస్తే వెళ్ళాలి, ఒక్క వేలితో లాగితే రావాలి. బీరువా సొరుగు బిగుసుకుంటే కాలితో తన్ని మూసే మా షెడ్డుకు ఇది కొత్త మర్యాద. మామ మూడు వారాలు కూర్చొని ఐదు నమూనాలు చేశాడు. ఒక్కో అర పక్కన డ్రైవు జారే పట్టీలను తానే వంచాడు. నేను ప్రతి పట్టీనీ కొలిచి, అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టాను. పెట్టెలు పొడి రంగు పట్టించే పౌడర్ కోటింగుకు వెళ్ళి, నల్లగా నిగనిగలాడుతూ తిరిగొచ్చాయి.

ఇంజనీరు వచ్చి, చొక్కా చేతులు మడిచి, మొదటి అరలో డ్రైవు తోశాడు. సగం దాకా వెళ్ళి ఆగింది. ఇంకాస్త తోశాడు. కదల్లేదు. వెనక్కి లాగితే డ్రైవుతోపాటు పెట్టె మొత్తం బల్ల మీద ముందుకు జరిగింది. రెండో అరలోనూ అంతే. ఐదో అర దగ్గరికి వచ్చేసరికి ఆయన నుదుటి మీద చెమట.

"బెండింగ్ సరిగా రాలేదండీ" అన్నాడు మెల్లగా.

షెడ్డంతా మామ వైపు చూసింది. మామ తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తప్పు ఎక్కడుందో నాకు అప్పుడే తెలిసిపోయింది. కంపెనీ ఇచ్చిన డ్రాయింగ్ కింద చీమ తలకాయలంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ కొలతలన్నీ రంగు వేశాక ఉండవలసినవని. నేను రంగుకు ముందు కొలిచాను, ఆ వాక్యం చదవలేదు. పట్టీకి ఇటూ అటూ వెంట్రుకంత మందం పెరిగితే చాలు, డ్రైవు ఇరుక్కుపోతుంది. నోరు మూసుకుని ఉంటే నన్ను అడిగేవాళ్ళు లేరు. ఒకటి రెండు క్షణాలు మూసుకునే ఉన్నాను, అబద్ధం ఎందుకు.

"సార్, బెండింగ్ తప్పు కాదు. నాదే తప్పు. రంగుకు జాగ ఇడవకుండ పాస్ జేసిన" అన్నాను.

ఇంజనీరు డ్రాయింగ్ తెరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టి, "అయ్యో, ఇంత చిన్నగా రాస్తే ఎవరికి కనిపిస్తుందండీ" అన్నాడు. ఆ అక్షరాలు రాసింది తానేనని తర్వాత ఒప్పుకున్నాడు. యజమాని ఏమంటాడోనని చూశాను. ఆయన మామ వైపు చూశాడు. మామ, "పట్టీలు ఇప్పి మళ్ళ జేస్త. నాలుగు దినాలు" అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర నేను ఒక మూల కూర్చున్నాను. మామ తన టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఎందుకు జెప్పినవ్? నాకే అంటుతుండె గదా."

"మీరు జేసింది మంచిగనే ఉండె మామా."

ఆయన తన డబ్బాలోని చింతకాయ తొక్కు సగం నా అన్నంలో వేశాడు. ఆ మధ్యాహ్నం నుంచి ప్రతి పట్టీ వంచగానే పిలిచేవాడు. "బిడ్డా, జర కొలువు. నాకు నమ్మకం లేక గాదు, నీకు పనుండాలె గదా!"

నాలుగు రోజులన్నది ఆరు రోజులయింది. ఈసారి పట్టీలకు రంగు తగలకుండా టేపు అంటించి పంపాం. తిరిగొచ్చాక ఒక్క వేలితో తోస్తే డ్రైవు టక్కున వెళ్ళి కూర్చుంది. షెడ్డులో పనిచేసేవాళ్ళంతా వరుసగా వచ్చి ఒక్కో వేలు పెట్టి తోసి వెళ్ళారు.

పెట్టెను ఉప్పల్ తీసుకెళ్ళే రోజు ట్రాలీ ఆటో రాలేదు. ముందురోజు బంద్ కావడంతో ఆ డ్రైవరు ఊరికి వెళ్ళి చిక్కుకుపోయాడు. అవతల కంపెనీ వాళ్ళు పెట్టె పరీక్షకు టైము ఇచ్చేశారు. మామా నేనూ షేర్ ఆటోలో వెనక సీట్లో పెట్టెను ఇద్దరి ఒళ్ళోనూ అడ్డంగా పెట్టుకొని బయల్దేరాం. డ్రైవులు, ఫ్యాన్లు లేని ఉత్త రేకే అయినా తొడలు పట్టేశాయి. హబ్సిగూడ దగ్గర ఎక్కిన ఒకావిడ నల్లటి గుడ్డ కప్పిన దాన్ని చూసి, "హార్మోనియమా అన్నా?" అని అడిగింది.

"కాదక్కా, పాటల డబ్బా" అన్నాడు మామ.

"అయితె జర పెట్టు, ఈ గుంతల తొవ్వల పొద్దువోతది."

"దీంట్ల ఎవ్వల పాట వాళ్ళకే ఇనవడ్తది" అన్నాడు మామ ఏమాత్రం నవ్వకుండా. ఆవిడ ఉప్పల్ చౌరస్తా దాకా ఆ పెట్టె వైపు అనుమానంగా చూస్తూనే ఉంది.

కంపెనీ ల్యాబులో చెప్పులు బయట విడిపించి, మా ఇద్దరికీ తెల్ల కోట్లు తొడిగారు. మామ కోటు మోకాళ్ళు దాటింది. దవాఖానా డాక్టరులా ఉన్నారని నేనంటే గంభీరంగా తల ఊపాడు. మా పెట్టెలో వాళ్ళ బోర్డులు, ఫ్యాన్లు బిగించడానికి గంట పట్టింది. డ్రైవులు చాలా ఖరీదు కాబట్టి ఎనిమిదే పెట్టారు. మిగిలిన పదహారు అరలూ నోళ్ళు తెరుచుకొని ఉన్నాయి. స్విచ్ వేయగానే ఫ్యాన్లు విమానం లేచినట్టు హోరెత్తాయి.

"తిరిగేటిదేం ఉండదన్నరు గద సారూ!" అని అరిచాడు మామ. ఆయన ముఖంలో మొదటిసారి ఆ యంత్రం మీద ఇష్టం కనిపించింది.

పది నిమిషాలకు తెర మీద డ్రైవుల వేడి చూపే అంకెలు పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. ఇరవై నిమిషాలకు ఎర్రగా మారి, పెట్టె పీప్ పీప్‌మని మొత్తుకుంది. ఇంజనీరు గబగబా ఆపేశాడు.

"ముందువైపు రంధ్రాలు తక్కువయ్యాయేమోనండీ" అన్నాడు. నేను వెంటనే డ్రాయింగ్ తీశాను. రంధ్రాలు లెక్క ప్రకారమే ఉన్నాయి. ఈసారి చిన్న అక్షరాలు కూడా రెండుసార్లు చదివాను.

మామ మళ్ళీ స్విచ్ వేయమన్నాడు. జేబులోంచి రుమాలు తీసి, దాని అంచు నుంచి ఒక దారం పోగు లాగాడు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని డ్రైవు ముందు పెట్టాడు. దారం కొద్దిగా ఊగింది, అంతే. పక్కనే ఖాళీ అర ముందు పెట్టాడు. దారం చటుక్కున లోపలికి లేచింది.

"కూలర్‌కు మూడు దిక్కుల గడ్డి వెడ్తం సారూ. ఒక దిక్కు వెట్టకుంటె ఏమైతది?"

"గాలంతా ఆ వైపు నుంచే వచ్చేస్తుంది."

"మరి?"

ఇంజనీరు వంగి ఖాళీ అరలు లెక్కపెట్టాడు. అంతలో నేను మూలనున్న కాగితాల అట్టపెట్టెను కోసి, పదహారు ముక్కలు చేశాను. మామా నేనూ ఖాళీ అరలన్నీ ముక్కలతో మూసి టేపు అంటించాం. నల్లని పెట్టె ముఖం మీద గోధుమ రంగు అట్టలతో చూడటానికి నవ్వొచ్చేలా ఉంది. కానీ ఈసారి అరగంట దాటినా అంకెలు పచ్చగానే ఉన్నాయి.

ఇంజనీరు తెర మీది అంకెలు రాసుకున్నాడు. తర్వాత తన బల్ల కింది సొరుగు లాగాడు. అందులో నల్లటి ప్లాస్టిక్ ముక్కలు గుట్టగా ఉన్నాయి. అచ్చం డ్రైవు ఆకారంలోనే, లోపల ఏమీ లేనివి. విదేశీ పెట్టెతోపాటు వచ్చినవట. దారిలో దుమ్ము పడకుండా పెట్టారనుకొని తీసి పడేశాడు.

"ఉత్త డమ్మీలే కదా అనుకున్నానండీ" అని తనమీద తనే పగలబడి నవ్వాడు.

"ఉత్తయే సారూ" అన్నాడు మామ. "ఉత్తవాటికి గూడ పనుంటది."

పది రోజుల్లో మాకు పెట్టెల ఆర్డరు వచ్చింది. దానితోపాటు ఖాళీ అరలు మూసే రేకు డమ్మీల ఆర్డరూ వచ్చింది. రెండేళ్ళలో మేం పెట్టెలకన్నా ఆ డమ్మీలనే ఎన్నో రెట్లు ఎక్కువ చేశాం.

ఇంకో వింత జరిగింది. కొత్తగా చేరిన ఇంజనీర్లకు గాలి సంగతి చెప్పమని కంపెనీ పెద్దాయన మామకు కబురు పెట్టాడు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు, నన్ను దుబాసీగా వెంటబెట్టుకున్నాడు. ఆయన తన భాషలో చెప్పడం, నేను ఇంగ్లీషులోకి మార్చడం. ఆయన నాలుగు మాటల్లో చెప్పినదానికి నాకు నలభై మాటలు పట్టేవి. వాళ్ళు నా మాటలు వదిలేసి ఆయన చేతులే చూసేవారు. మూడోసారి పిలిస్తే నన్ను రావద్దన్నాడు. సాయంత్రం తిరిగొచ్చాక అడిగాను.

"ఎట్లయింది మామా?"

"ఇంగ్లీషుల జెప్పిన."

"ఏమని?"

"ఎయిర్ ఈజ్ లేజీ అన్న. అందరు రాసుకున్నరు."

ప్రత్యేక రాష్ట్రం వచ్చి ఏడాది తిరగకముందే ఆ పెట్టె పాతబడింది. కంపెనీ ఊరికి ఆ చివరికి మారింది, మా షెడ్డు మళ్ళీ ప్యానెల్ డబ్బాలకు తిరిగొచ్చింది. మామ పని మానేసి చెంగిచెర్లలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. నేను ఆయన కుర్చీలో కాదు గానీ, ఆయన బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక ఆదివారం ఇంజనీరు నాకు ఫోన్ చేశాడు. కొత్త పెట్టె గీస్తున్నాడట, ఈసారి అరలు అడ్డంగా ఉంటాయట. మామకు చూపించాలన్నాడు. ఇద్దరం కలిసి చెంగిచెర్ల వెళ్ళాం. మామ డ్రాయింగ్‌ను నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు చెంబులు బరువు పెట్టాడు. ఇంజనీరు బోర్లా పడుకొని పెన్సిలుతో గీతలు మారుస్తున్నాడు. నేను పక్కన కూర్చొని అంకెలు చదువుతున్నాను. అన్నం చల్లారిపోతుందని వంటింట్లోంచి మామ భార్య రెండుసార్లు పిలిచింది. మూడోసారి తనే వచ్చి ఒక చెంబు ఎత్తుకుపోయింది.