కొత్త పళ్లు, పాత ట్యూబా

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో, చివరి సీటులో, నా పక్కన కూర్చున్న ముసలాయన పేరు నేను అడగలేదు. ఆయన ఒళ్లో దుప్పటి చుట్టిన పెద్ద మూట ఉంది. అదేమిటని మాత్రం అడిగాను. దుప్పటి కాస్త తప్పించి చూపించాడు. ఇత్తడి ట్యూబా. బ్యాండులో అన్నిటికన్నా లావు గొంతున్న బాకా.

“సి.బెళగల్ చర్చి బ్యాండులో మొదలుపెట్టినానప్పా. ఆనెంక మద్రాసులో సినిమా పాటల ఆర్కెస్ట్రాలో ఇరవై ఏండ్లు ఊదినా. వయొలిన్లు అందరికీ ఇనిపిస్తాయి. నేను ఊదేది, ఆపినప్పుడే తెలుస్తాది,” అని నవ్వాడు. “పండ్లు ఊడినాక పెదాలకు పట్టు దొరకల్యాదు. పదేండ్లాయ దీన్ని ముట్టక.”

ఆ పొద్దున్నే ఆదోనిలో కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడట. ఆదివారం ఎమ్మిగనూరు చర్చిలో ఊదుతానని మాటిచ్చాడట. కానీ ఇంకా ఊది చూసుకోలేదు. భయం.

“ఈడే ఊది సూడు పెద్దాయనా,” అన్నాను.

దుప్పటి విప్పాడు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారీ గాలే. ముందు సీట్లో ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆయన పై పళ్లను బొటనవేలితో నొక్కుకుని, కళ్లు మూసుకుని ఊదాడు.

నా కాళ్ల కింద రేకు అదిరింది. నవ్వులు ఆగిపోయాయి.

డ్రైవరు బస్సును గబుక్కున ఎడమకు దించి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వెనక ఏదో లారీ హారన్ కొట్టిందన్నట్టు, ముందుకు పొమ్మని ఊపాడు.

“యాడ లారీ అన్నా? యెనక రోడ్డంతా ఖాళీ!” అని అరిచాడు కండక్టరు.

ముసలాయన మళ్లీ ఊదాడు. డ్రైవరు ఇంకాస్త దించాడు.