లీవరు వెనక్కి ఉందా, ఓర్ఫా?

వర్లిన్ స్టాడర్డ్ అంత మొండివాడు ఈ వాబాష్ నది ఒడ్డున ఇంకొకడు పుట్టలేదు. ఈ మాట ఆయన మొహం మీదే వందసార్లు అన్నాను, కాబట్టి ఇక్కడ రాయడానికి మొహమాటం ఏమీ లేదు. ఆయన షెడ్డుకి ఎదురుగానే నా బేకరీ. పంతొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం ఆయనకి కాఫీ పోసేదాన్నీ నేనే, ఆయన గొణుగుడు వినేదాన్నీ నేనే.

షెడ్డంటే ఎజ్రా కిమెల్ షెడ్డు. నూట ఇరవై ఏళ్ల కిందట, గుర్రబ్బండ్లు బాగుచేసుకు బతికే కిమెల్ తన మొదటి మోటారు బండిని అందులోనే తయారుచేశాడు. ఒకే సిలిండరు, రెండు సీట్లు, తిప్పి స్టార్ట్ చేయడానికి పక్కన ఓ ఇనప హ్యాండిలు. వర్లిన్ నలభై ఏళ్లు ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసి, రిటైరైన మర్నాడే, ఊరి మ్యూజియంగా మిగిలిన ఆ షెడ్డు తాళంచెవి అడిగి పుచ్చుకున్నాడు. జీతం లేదు, బత్తెం లేదు. శనివారం పదకొండుకి తలుపు తీస్తాడు. వచ్చినవాళ్లకి కిమెల్ కొలిమి, సుత్తులు, నూనె మరకల బల్ల చూపిస్తాడు. చివర్లో బండి స్టార్ట్ చేస్తాడు. ఎన్ని తిప్పులకి అందుకుంటుందా అని జనం పందెం కాస్తారు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకి నా కొట్లో డోనట్ కొనిపెట్టాలి. ఇంజను టకటకమనగానే ఆ ముసలాయన మొహం చూడాలి! పెళ్లికొడుకు కూడా అంత మురిసిపోడు.

ఆ బండితో ఒక్కటే జాగ్రత్త. సీటు పక్కన స్పార్కు లీవరు ఉంటుంది. హ్యాండిలు తిప్పేముందు అది వెనక్కి ఉండాలి. ముందుకి ఉందా, ఇంజను ఎదురు తన్నుతుంది, హ్యాండిలు గిర్రున వెనక్కి తిరిగి చెయ్యి విరిచేస్తుంది. కిటికీ పక్క చెక్కగోడ మీద కిమెల్ పెన్సిలుతో పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: "లీవరు వెనక్కి ఉందా, ఓర్ఫా?" ఓర్ఫా ఆయన భార్య. వర్లిన్ ప్రతివారం అది చూపించి, "చూశారా మతిమరుపు! పెళ్లాన్ని అడిగితే గాని పని నడవదు" అనేవాడు. జనం నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, బుద్ధి లేక.

మార్చిలో వర్లిన్ కుడి మణికట్టు విరిగింది. మంచు మీద జారానన్నాడు. కట్టు విప్పేసరికి ఇన్సూరెన్స్ వాళ్ల ఉత్తరం వచ్చి కూర్చుంది. డెబ్భై ఆరేళ్ల మనిషి ఆ హ్యాండిలు తిప్పడం ప్రమాదమట. తనిఖీకి మనిషిని పంపుతారట. ఆ వచ్చినాయనకి నచ్చకపోతే నూనె, పెట్రోలు తోడేసి బండిని అద్దాల గదిలో పెట్టేస్తారట.

"అద్దాల్లో పెడితే అది బండా? శవం," అన్నాడు వర్లిన్. కాఫీ ముట్టలేదు.

"అయితే ఎవరినైనా తోడు పెట్టుకోరాదూ?"

"బతుకంతా మిషన్లతో గడిపినోణ్ణి. నాకు తోడేంటి?"

"నీ మొండితనమే నీకు తోడు, పో!" అని కప్పు లాక్కుని వచ్చేశాను.

జూన్ మొదటి శనివారం తనిఖీ ఆయన వచ్చాడు. పేరు ప్రూయిట్. గుంజలా పొడుగ్గా ఉన్నాడు, చంకలో ఫైలు. ఓ పాతికమంది జనం. నేను డోనట్ల పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డాను.

"నాలుగు!" "ఏడు!" "పదైనా పడుతుంది, ముసలాయన పని అయిపోయింది!" అని పందేలు మొదలయ్యాయి.

"మూడు," అన్నాడు ప్రూయిట్, ఫైల్లోంచి తలెత్తకుండా.

వర్లిన్ వంగి హ్యాండిలు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నా కళ్లు లీవరు మీద పడ్డాయి. అది ముందుకి ఉంది.

"ఆగు! లీవరు!" అని కేక పెట్టాను. పళ్లెం జారి డోనట్లన్నీ నేలపాలయ్యాయి.

వర్లిన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లీవరు వంక చూశాడు. ప్రూయిట్ పెన్ను తీశాడు. అయిపోయింది, ఇక అద్దాల గదే అనుకున్నాను.

"రాసుకోండి సార్," అన్నాడు వర్లిన్. "ఇదీ రాసుకోండి. మార్చిలో మంచూ లేదు, గించూ లేదు. ఆరోజూ ఇక్కడ ఒక్కణ్ణే హ్యాండిలు తిప్పుతూ లీవరు మర్చిపోయాను. సిగ్గేసి అందరికీ అబద్ధం చెప్పాను."

నాకు ఒళ్లు మండిపోయింది. నెలన్నర ఆయన ఇంటికి సూప్ మోశాను. మంచు తీయలేదని వీధి శుభ్రం చేసేవాళ్లని నోటికొచ్చినట్టు తిట్టాను! పాపం, వాళ్లేం చేశారు?

ప్రూయిట్ మాత్రం రాయలేదు. గోడ దగ్గరికెళ్లి, కళ్లజోడు సర్దుకుని, ఆ పెన్సిలు రాత చదివాడు.

"స్టాడర్డ్ గారూ, ఈ కిమెల్ ఎప్పుడైనా ఒక్కడే స్టార్ట్ చేశాడా?"

వర్లిన్ గోడకి వేలాడే కిమెల్ పాత ఫొటోల వైపు తిరిగాడు. "ఫొటోలన్నిట్లోనూ... ఓర్ఫా లీవరు పట్టుకునే ఉంటుంది సార్."

"మరి మీరో?"

పంతొమ్మిదేళ్లు ఆ గోడని ఊరందరికీ చదివి వినిపించిన మనిషి, తనకోసం ఒక్కసారీ చదువుకోలేదు. నేను ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని ముందుకొచ్చాను.

"ఎక్కి కూర్చో," అన్నాను.

"నువ్వు తిప్పుతావా? నీకేం తెలుసు?"

"పంతొమ్మిదేళ్లు చూశాను. రోజూ బస్తాడు పిండి పిసికే చేతులివి. నోరు మూసుకుని ఎక్కు, ముసలోడా!"

ఎక్కాడు. నేను హ్యాండిలు పట్టుకున్నాను.

"బొటనవేలు చుట్టకు! మిగతా వేళ్ల పక్కనే పెట్టు. ఎదురు తన్నితే చెయ్యి జారిపోవాలి," అన్నాడు.

"తెలుసులే." నా మొహం తెలుసు! చుట్టే ఉంది, గబుక్కున తీశాను. "లీవరు వెనక్కి ఉందా, వర్లిన్?"

ఆయన చేత్తో తడిమి చూసుకున్నాడు. "ఉంది," అన్నాడు. మళ్లీ షెడ్డు అదిరేలా అరిచాడు. "ఉందమ్మా, ఉంది!"

ఒకటి. రెండు. భుజం ఊడొచ్చిందనుకున్నాను. మూడోదానికి అందుకుంది! కిటికీలు గలగలలాడాయి, జనం ఈలలు, చప్పట్లు. వర్లిన్ ఆ సీట్లో ఊగిపోతూ పకపకా నవ్వుతున్నాడు. పక్కన హ్యాండిలు దగ్గర కాకుండా సీట్లో కూర్చుని ఇంజను అందుకోవడం వినడం ఆయనకి అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

ప్రూయిట్ ఒక్క లైను రాశాడు: ఇద్దరుంటే నడపవచ్చు. తర్వాత, "మూడన్నాను కదా, నా డోనట్ ఏది?" అని, కిందపడ్డవాటిలో ఒకటి ఏరుకుని, దులుపుకుని, అక్కడే తినేశాడు మహానుభావుడు.

ఇప్పుడు శనివారం పదకొండింటికి నా బేకరీకి తాళం. తిప్పడం నాది, లీవరు ఆయనది. గోడ దగ్గర చెప్పే జోకు కూడా మార్చేశాడు. "కిమెల్ ఎంత తెలివైనవాడో చూశారా? అది అర్థం కావడానికి నాకో మణికట్టు ఖర్చయింది," అంటాడు. జనం నవ్వుతారు. ఆయన ఎక్కి కూర్చుని, నేను అడిగేదాకా ఎదురుచూస్తాడు.