తనంతట పారిన కాంక్రీటు

మొన్న దుమ్ముగూడెం వైపు బస్సులో పోతుంటే వాగు మీది వంతెన వచ్చింది. పక్కసీటాయన గురక పెట్టి నిద్రపోతూనే దాన్ని దాటేశాడు. వంతెనకు ఇంతకంటే మెప్పేముంటుందని నవ్వుకున్నాను. అది కట్టేటప్పుడు నేను సైటు ల్యాబులో పనిచేశాను. ఖానాపురం హవేలిలో ఇల్లు వదిలి, అడవి అంచున రేకుల షెడ్డులో ఉన్న రోజులవి. ల్యాబుకు పెద్ద మా అక్క. తోడబుట్టింది కాదు, బొగ్గుబావి కార్మికుడి బిడ్డ, సైటంతా ఆమెను అక్కా అనే పిలిచేది. టీలో నీళ్లెక్కువైతే ఊరుకునేది కాదు, కాంక్రీటులో ఎక్కువైతే అసలే ఊరుకునేది కాదు.

వంతెన స్తంభాల తలల దగ్గర ఇనుప చువ్వలు మరీ దట్టంగా ఉండేవి. కలిపిన కాంక్రీటు మాలును కుదించే వైబ్రేటర్ వాటి మధ్య దూరదు. అందుకని ఎవరూ కుదించకుండా తనంతట పారి, మూలమూలకూ నిండే కాంక్రీటు పోయాలన్నారు. దగ్గరి గుట్ట రాయి కంకర గరుకు, అది పారదు, దూరం నుంచి తెప్పించాలని కన్సల్టెంట్ సారు పట్టు. ఆ లారీలు వచ్చేసరికి వానలు పడతాయి. వాగు పొంగితే పని ఆగి, అవతలి గూడేలకు మరో ఏడాది దారి ఉండదు.

"మన రాయితోనే చేస్త సార్. పరీక్షల ఓడితే నేనే లారీలు పిలిపిస్త," అంది అక్క.

ఆ పరీక్ష చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఇనుప పళ్లెం మీద రెండు కొసలూ తెరిచిన కోన్ నిలబెట్టి, మాలు నింపి పైకెత్తితే, అది అట్టులా గుండ్రంగా పరుచుకోవాలి. మొదటిసారి కంకరంతా నడుమ కుప్పగా మిగిలింది, నీళ్లు అంచుకు జారాయి. సారు గొంతు సవరించుకున్నాడు. అక్క మాత్రం పళ్లెం ముందు కూర్చుని ఆ మాలును వేళ్లతో నలిపి చూసింది. "రాతి ఇసుకల దుమ్ము ఎక్కువుంది. అది నీళ్లు తాగుతుందని మనం ఇంకిన్ని పోసినం. గందుకే గిట్లయింది," అంది. ఇసుక కడిగాం, చిన్న కంకర జల్లించాం, సిమెంటుతో కలిపే కరెంటు ఫ్యాక్టరీ బూడిద పెంచి నీళ్లు తగ్గించాం. ఆదివారం ఇంటికెళ్తే మా అమ్మ గుమ్మంలోనే ఆపి, "ఏంది బిడ్డా, బూడిద పూసుకొని సన్నాసుల్ల కలిసినవా?" అంది.

ఆఖరికి మాలు గుండ్రంగా, తొణక్కుండా పరుచుకుంది. అయినా సారు ఒప్పుకోలేదు. అసలు స్తంభం తలలాగే చువ్వలు కట్టించి, అందులో పోయమన్నాడు. వైబ్రేటర్ మోత లేకపోయేసరికి సైటంతా గుడిలా నిశ్శబ్దం. ఒక పక్క పోసిన మాలు చువ్వల సందుల్లోంచి పారి రెండో పక్క పైకి లేస్తుంటే అక్క కళ్లు ఆర్పలేదు. గట్టిపడ్డాక సారు దాన్ని నడిమికి కోయించాడు. ఎక్కడా బొక్క లేదు, పైనుంచి కిందిదాకా కంకర సమంగా ఉంది. అరచేత్తో తడిమి, "పోసెయ్యండమ్మా," అన్నాడు. అక్క తల వెనక్కి వాల్చి గట్టిగా నవ్వింది. అంత పెద్ద నవ్వు ఆమెకుందని మాకెవరికీ తెలియదు.

వానలకు ముందే తలలన్నీ పోశాం. మరుసటి ఏడు వాగు పొంగిన రోజున అవతలి గూడెం అంగన్‌వాడీ టీచరమ్మ గొడుగేసుకుని వంతెన మీద నడిచొచ్చింది. నడుమ ఆగి కింది ఎర్రనీళ్లను చాలాసేపు చూసింది. "పోయినేడు గీ పాటికి మా పిల్లలకు బియ్యం రాలే," అంది.

అక్క ఇప్పుడు వేరే జిల్లాలో ఇంకో వంతెన కడుతోంది. వయసు పెరిగినకొద్దీ కాంక్రీటుకు బలం వస్తుంది. ఫోనులో ఆమె గొంతు విన్నప్పుడు, కాలం మనుషుల్లోనూ కొందరికి అదే మేలు చేస్తుందనిపిస్తుంది.