చిలక ముక్కున ఆకు

మొన్న ధర్మవరం స్టేషను ఎదుటి హోటల్లో ఇడ్లీ కోసం కూర్చుంటే, బల్ల మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ అంచున వెనక్కి తిరిగి చూస్తున్న చిలకల వరస కనిపించింది. ప్రతి చిలక తలపైనా, దానికేమీ సంబంధం లేనట్టు, ఒక మొగ్గ గాల్లో వేలాడుతోంది. ఇడ్లీ వచ్చి చల్లారింది గానీ నా చూపు ఆ మొగ్గ మీది నుంచి కదల్లేదు. అది మొగ్గ కాదని, ఒకప్పుడు చిలక ముక్కున ఉన్న ఆకు అని, దాని మూలాన మా అక్క తొలి కాన్పుకు పుట్టిల్లు లేకుండా పోయిందని ఆ హోటలతనికి చెబితే నమ్ముతాడా?

అరవయ్యో దశకం మొదటి ఏళ్ళవి. మా నాయన గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. నాకప్పుడు ఇరవై దాటింది. పగలంతా ఆయన పక్క మగ్గంలో కూర్చుని, దీపాలు పెట్టే వేళకు గ్రంథాలయానికి పరుగెత్తేవాణ్ణి. బడి చదువు ఐదో తరగతితో ఆగినా, ఆ బీరువాల్లో నేను తెరవని పుస్తకం లేదని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. కొత్త నమూనా అంటే అప్పట్లో ఇంటి గుట్టుతో సమానమని మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎవరైనా గడప తొక్కితే నాయన ముందు మగ్గం మీద పాత పంచె కప్పి, ఆ తర్వాతే కూర్చోమనేవాడు. దాహమని వచ్చిన మనిషిని కూడా, నిజంగా దాహమేనా అన్నట్టు ఎగాదిగా చూసేవాడు. అందరికన్నా ఎక్కువ అనుమానం మాత్రం సొంత ఆడపిల్లల మీదే. బయటి ఊరికి ఇచ్చిన పిల్ల సారెతో పాటు పుట్టింటి అంచును కూడా మోసుకుపోతుందని మా వీధిలో ప్రతి ఇంట్లోనూ అనుకునేవాళ్ళు. అందుకే సంబంధం కుదిరిన రోజు నుంచి పిల్లను మగ్గం గదిలోకి రానిచ్చేవాళ్ళు కారు. మా అక్కనేమో హిందూపురంలో నేతపని చేసే ఇంటికే ఇచ్చాం.

చిలక అంచు నాయనకు ప్రాణం. వెనక్కి తిరిగిన చిలకను ఎవరైనా వేయొచ్చునని, దాని ముక్కున ఆకు పెట్టాలనే ఊహ మాత్రం తనకొక్కడికే తట్టిందని ఆయన లోలోపల మురిసిపోయేవాడు. అక్కకు ఏడో నెల వచ్చింది. పుట్టింటికి పిలుచుకొచ్చేందుకు అమ్మ గాజులూ, సారె సామానూ మూట కట్టి పెట్టిన రోజునే, మా చీరలు కొనే షావుకారు వచ్చి అరుగు మీద చతికిలబడి నవ్వాడు. “ఏమప్పా, నీ చిలక హిందూపురంలో వాలిందే! ఆడ బజార్లో చూసొస్తి.”

నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. సంబంధం కుదరక ముందు మగ్గం పక్కనే కూర్చుని ఆ అంచుకు జరీ చుట్టి ఇచ్చింది అక్కే కాబట్టి, ఇంకెవరు అన్న ప్రశ్నే ఆయనకు రాలేదు. దొంగకు కాన్పు చేసే ఇల్లు కాదిది అని అమ్మ చేత మూట విప్పించాడు. తర్వాత నన్ను పిలిచి, చూడ్డానికి వచ్చినట్టు పోయి వాళ్ళ మగ్గం చూసి రమ్మన్నాడు. నాకు అక్క మీద అనుమానం లేదని రాస్తే అబద్ధమవుతుంది. సగం నమ్మే బండెక్కాను.

హిందూపురంలో అక్క నన్ను చూసి, పిలుచుకుపోవడానికే వచ్చాననుకుని సంబరపడింది. ఆమె పొయ్యి దగ్గర ఉన్న సమయం చూసి నేను మగ్గం మీది దుప్పటి ఎత్తాను. చిలకలున్నాయి. వెనక నుంచి అక్క గొంతు వినిపించింది.

“ముందు కాఫీ తాగబ్బా. మగ్గం యాడికీ పోదులే.”

నేను తల ఎత్తలేకపోయాను. ఎవరు పంపారో ఆమె అడగనైనా లేదు. “ఈ చిలకను చూసిన రోజే గుర్తుపడితి,” అంది మెల్లగా. “నాయనకు చెబితే ఈడ అనుమానం, చెప్పకుంటే ఆడ అనుమానం. నన్నేం చేయమంటావు?” అంతలో వచ్చిన బావ, పెనుకొండలో మా అవ్వ వాకిట ముగ్గు చూసి ఆ చిలకను గీసుకొచ్చానని, ముగ్గులకు కూడా ఎవరైనా కాపలా కాస్తారా అని నవ్వేశాడు. కథ బాగా అల్లాడనుకున్నాను నేను.

తిరుగు బండిలో కూర్చున్నాక గ్రంథాలయంలో చదివిన ఒక పుస్తకం గుర్తొచ్చింది. తాళపత్రాలను ఎత్తిరాసిన వాళ్ళ గురించి అది. ఒకడు చేసిన తప్పును ఆ ప్రతి చూసి రాసినవాళ్ళంతా మోస్తారని, తప్పుల వెంట నడిస్తే ఏ ప్రతి దేనికి పుట్టిందో తెలిసిపోతుందని అందులో ఉంది. బావ మగ్గం మీది చిలకకు ముక్కున ఆకు లేదు. అది విడిపోయి తలపైన నిలబడింది. జరీ చుట్టిన అక్క చెప్పి ఉంటే ఆకు ముక్కునే ఉండాలి కదా! నేను పెనుకొండలో దిగిపోయాను.

అవ్వ, అంటే నాయన తల్లి, అక్కడ చిన్నాన్న ఇంట్లో ఉండేది. వాకిట్లో సగం తొక్కుడు పడిన ముగ్గులో చిలక నన్నే వెనక్కి తిరిగి చూస్తోంది. వేళ్ళ సందున పిండి జారేటప్పుడు సన్నటి ఆకు ముక్కుకు అంటక, తెగి, తలపైన పడింది. ఎవరొచ్చినా మగ్గం కప్పే నాయన, కన్నతల్లి ధర్మవరం వచ్చినప్పుడు మాత్రం కప్పలేదు; అక్కడ చూసిందే అవ్వ ముగ్గులో వేస్తోంది. అవ్వను వెంటబెట్టుకుని ధర్మవరం చేరాను.

నా తాళపత్రాల వాదన నాయన వినలేదు. “పుస్తకాలు నేస్తాయా రా చీరలు?” అన్నాడు. అప్పుడు అవ్వ ముంజేయి ముందుకు చాపింది. ముడతల మధ్య, అవ్వ చిన్నతనంలో మడకశిర వైపు నుంచి వచ్చిన పచ్చబొట్ల మనిషి పొడిచిన చిలక, వెనక్కి తిరిగి చూస్తూ ఉంది.

“ఏమిరా, నా చిలకను ఏసుకోని నా మనవరాలికి దొంగతనం అంటగడతాండావా? పసిబిడ్డప్పుడు ఈ చేతిమీదనే గదరా పండుకుంటాంటివి!”

నాయన వంగి ఆ పచ్చబొట్టును చూశాడు. తర్వాత, చిలక నీదే కావచ్చు, ఆకు మాత్రం నాది అన్నాడు. అవ్వ తన చేతిమీది చిలక ముక్కును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది.

“ఆకు యాడిదిరా పిచ్చోడా? వడలు కాలుస్తాంటే నూనె చిందిన మచ్చ గదరా ఇది!”

నాయన ఆ మచ్చను వేలితో తడిమి చూశాడు. మూట మళ్ళీ కట్టమని ఆయన అమ్మతో చెప్పేసరికి అక్కకు ఎనిమిదో నెల వచ్చేసింది. ఆ నెలలో ప్రయాణం వద్దని అక్కడి పెద్దలు పంపలేదు. చివరికి అమ్మే హిందూపురం పోయి పురుడు పోసింది.

బిడ్డకు మూడో నెల వచ్చాక నాయన తానే పోయి అక్కను పిలుచుకొచ్చాడు. వచ్చిన రోజే మగ్గం గదిలో నుంచి, “లోపలికి రామ్మా, కొత్త అంచు ఏసినా, చూద్దువు” అని పిలిచాడు. అక్క గడప దగ్గరే నిలబడి బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

“వద్దులే నాయనా. రేపు ఇంకెవురన్నా ఏస్తే మళ్ళా నా మీదికే వస్తాది.”

నవ్వుతూనే అంది. నాయన కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాత ఎన్నిసార్లు పుట్టింటికి వచ్చినా అక్క ఆ గదిలో అడుగుపెట్టలేదు.

ఇప్పుడు మా వీధిలో ఎవరూ మగ్గం కప్పరు. నమూనాలు ఫోన్లలో పోతాయి, ఎక్కడి మరమగ్గాల మీదనో వారంలో తేలతాయి, ఎవరు ఎవరిది తీసుకున్నారో వెతికే ఓపిక ఎవరికీ లేదు. అదే మగ్గం గదిలో నా మనవరాలు కంప్యూటరు ముందు కూర్చుని దర్జాగా అంచులు గీస్తుంటే నాకు సంతోషమే, కాస్త అసూయ కూడా. నాయన పోయాక ఆ గది నా చేతికే వచ్చింది. రా అక్కా, లోపలికొచ్చి కూర్చో అని నేను పిలిచి ఉండవచ్చు. దుప్పటి ఎత్తి చూసిన చేతులతో ఆ పిలుపు ఎలా పిలవాలో తెలియక ఏళ్ళు గడిపేశాను. ఇప్పుడు పిలుద్దామంటే అక్క లేదు.