వాడిన ఆకు తర్వాత

పెద్దమ్మ పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను అనంతపురంలో, కాలేజీ ల్యాబులో ఉన్నాను. నా ముందు తెర మీద ఆమె గీసిన అంచే ఉంది, సగం. "పెద్దమ్మ లేదు పాపా," అన్నాడు నాయన. ఫోన్లో ఎప్పుడూ ఉండే మా వీధి మగ్గాల చప్పుడు వినిపించడం లేదు. అది గమనించాకే ఆ మాట నమ్మాను.

ఆమె మాకు చుట్టం కాదు. ధర్మవరంలో మా పక్కింటి మనిషి. పట్టుచీరల అంచులకూ కొంగులకూ కంప్యూటర్లో డిజైన్లు గీసేది. వీధి మొత్తానికీ పెద్దమ్మే. మౌస్ కింద మెత్తగా ఉండాలని మడతపెట్టిన పట్టుగుడ్డ వేసుకునేది. గీసింది సేవ్ చేసిన ప్రతిసారీ "భద్రం" అని పైకే అనేది. చిన్నప్పుడు నేను ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ మాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేదాన్ని. కంప్యూటర్ చదువు మీద నాకు ఇష్టం అక్కడే పుట్టిందనుకుంటాను.

మగ్గం చూడనివారికి ఒక్క సంగతి చెప్పాలి. మగ్గం పైన జాకార్డు అనే పెట్టె ఉంటుంది. చిల్లులు పొడిచిన అట్టలు దండలా, చివరిది మళ్లీ మొదటిదానికి కలిసేలా కుట్టి దానికి వేలాడదీస్తారు. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. పెద్దమ్మ తెర మీద గడి గడిగా గీసిందే ఆ అట్టల్లోకి చిల్లులుగా దిగేది.

అందరూ మామిడి పిందెలూ నెమళ్లూ అడిగేవాళ్లు. అవి గీసి ఇచ్చేది. ఒక్కసారి మాత్రం తనకోసం గీసుకుంది. సోమందేపల్లె దగ్గర ఆమె పుట్టింటివాళ్లకు వానను నమ్ముకున్న చేను ఉంది. ఒక ఏడాది గొడుగు వేసుకుని ఆ గట్టు మీద కూర్చుని వేరుశనగ చెట్టును చూసి వచ్చింది. విత్తు పగలడం, రెండాకులు విప్పడం, పసుపు పూత, పూత రాలి ఊడలు మట్టిలోకి దిగడం. ఊడ అనే మాట నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మూర పొడవున ఒక పంట కాలమంతా ఆ అంచులో నడిచేది. ఏ రెండు ఆకులూ ఒక్కలా ఉండేవి కావు.

షావుకారు దాన్ని చూసి నవ్వాడట. "శెనక్కాయ చెట్టు కట్టుకోని పెండ్లిపీటల మీద ఎవరు కూచుంటారమ్మా?"

"తినేటప్పుడు లేని సిగ్గు కట్టేటప్పుడు యాడినుంచి వచ్చెనన్నా?" అందట పెద్దమ్మ.

ఆ అంచుతో నాయన ఒకే ఒక్క చీర నేశాడు. అది ఎవరు కొన్నారో, ఏ ఊరు పోయిందో తెలియదు. ఫోటో కూడా తీయలేదు. తర్వాత ఎవరూ అడగలేదు.

పెద్దమ్మ వాడే సాఫ్ట్‌వేర్ పాతది, కొత్త కంప్యూటర్లలో నడవదు. అందుకని నేత సంఘం వాళ్లు తమ గదిలోని సర్వర్లో వర్చువల్ మెషీన్ ఒకటి పెట్టించి, ఆ సాఫ్ట్‌వేర్నూ ఆమె డిజైన్లన్నిటినీ అందులోకి మార్చారు. అంటే ఒక కంప్యూటర్ లోపల, విడిగా కంటికి కనిపించని ఇంకో కంప్యూటర్. నేను వివరిస్తే ఆమె, "కడుపులో బిడ్డ మాదిరి," అంది. మళ్లీ, "అయితే తల్లికి ఏమన్నా అయితే?" అని అడిగింది. ఏమీ కాదులే అన్నాను.

పోయిన ఎండాకాలంలో కరెంటు పోతూ వస్తూ సర్వర్ పాడైంది. మళ్లీ లేపితే లోపలి మెషీన్ పాస్‌వర్డ్ అడిగింది. ఎవరికి తెలిసింది కొట్టినా ఒప్పుకోలేదు. దాన్ని పెట్టిన మనిషి బెంగళూరు వెళ్లిపోయాడు, నంబరు మారిపోయింది. అప్పటికే పెద్దమ్మకు గుండె జబ్బు ముదిరి మంచం పట్టింది. నేను సెలవుకు రాగానే పిలిపించింది.

"మిగతావి పోతే పోనీ పాపా. ఆ శెనక్కాయ అంచు ఒక్కటి తెచ్చియ్యి. అది చూసి పోతా."

ఆ మెషీన్ను, పాస్‌వర్డ్‌తో పనిలేకుండా తెరిచే రెస్క్యూ డిస్క్‌తో లేపాను. దాని డిస్కులోకి బయటినుంచి వెళ్లి పాస్‌వర్డ్ మార్చాను. తెర తెరుచుకుంది. మామిడి పిందెలు ఉన్నాయి, నెమళ్లు ఉన్నాయి. వేరుశనగ అంచు మాత్రం పూత దాకా తెరుచుకుని ఆగిపోయింది. ఆ కింద అంతా తెలుపు. డిస్కులో ఆ భాగమే దెబ్బతింది. వేరే కాపీ ఎక్కడా లేదు.

ఆమెకు చెబితే కోప్పడలేదు. "తాళం తీసినావు సరే, ఇంట్లో సామాను ఏదప్పా?" అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

అప్పుడు నాయనకు అట్టలు గుర్తొచ్చాయి. ఆ చీర నేసిన అట్టల కట్టలు మా అటక మీదే ఉన్నాయి. చిల్లులు పొడిచిన అట్టను తిరగేసి చదివితే డిజైనే కదా. ప్రతి శనివారం బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని. కట్ట విప్పి, ఆమె మంచం పక్కన కూర్చుని, ఒక్కో అట్టా చదువుతూ గడులు నింపేదాన్ని. చిల్లు, చిల్లు, ఖాళీ, చిల్లు. ఆమె కళ్లు మూసుకుని వినేది. ఒక్కోసారి నిద్రపోయిందనుకుంటే, "ఇప్పుడు ఊడ దిగుతాంది సూడు," అనేది. చూస్తే నిజంగానే దిగుతూ ఉండేది.

చినిగిన అట్ట వచ్చినప్పుడు, పక్కదాన్ని చూసి ఊహించి నింపబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "తెలీని గడి ఖాళీగా ఉండనీ. దాంట్లో నీ తెలివి పెట్టొద్దు."

ఊడలు దిగాయి. ఆకులు వాడడం మొదలైంది. తలలు వాల్చిన ఆకులు నాలుగు గీసేసరికి నేను తిరిగి బస్సెక్కే వేళైంది. చివరి కట్ట ఒక్కటి మిగిలింది. వచ్చే వారం చూద్దాం అనుకున్నాం. ఆ వారం మధ్యలోనే నాయన ఫోన్ వచ్చింది.

దినాలు అయ్యాక ఆ కట్ట దించాను. గుడ్డ విప్పితే మట్టి రాలింది. చెదలు తినేశాయి. చేతిలోకి తీసుకుంటే ఒక్క అట్ట కూడా నిలవలేదు.

"నాయనా, వాడిపోయినాక ఏముండేది? వాన వచ్చిందా?" అని అడిగాను.

నాయన రాలిన మట్టిని గుడ్డలోకి ఎత్తాడు. "చెట్టు వాడేది గుర్తుండాది. ఆ పైన గుర్తులేదుమ్మా. నేసినా గానీ, ఎన్నని గుర్తుంటాయి?" మళ్లీ, "రెండు పచ్చాకులు పెట్టేయి. ఎవరికి తెలుస్తాది?" అన్నాడు.

పెద్దమ్మ మాట చెప్పాను. నాయన అట్టలు కొత్తగా కొట్టించుకుని వచ్చాడు. తెలియని చోట చిల్లుల్లేని ఉత్త అట్టలే కుట్టించాడు.

మొన్న ఆదివారం ఆ అంచు మగ్గమెక్కింది. విత్తు పగిలింది, పూత వచ్చింది, ఊడలు దిగాయి. నాలుగో వాడిన ఆకు దాటగానే మగ్గం చప్పుడు మారింది. అట్టలు తిరుగుతున్నాయి గానీ అంచులో పోగు లేవడం లేదు. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పోతోంది. ఎర్రమన్ను రంగు పట్టు, మీద ఏమీ లేకుండా, వేలెడు, రెండు వేళ్లు, జానెడు. పొద్దు వాలి మగ్గం గుంతలో వెలుగు తగ్గింది. నాయన ఆ ఖాళీలోనే చెయ్యి ఆపి పైకి లేచాడు. ఉత్త అట్టల వెనకాల, విత్తు పగిలే మొదటి అట్ట ఇంకా తన వంతు రాక వేలాడుతోంది.