మామ చేతిలో సుత్తి

నిరుడు కామాఠిపురాలో, వరస గదుల చాల్‌లో మా మేనమామ గది కొనుక్కుందామని బేరం కుదుర్చుకున్నాం. "మనోళ్లమే గదా, కాగితాలెందుకు బిడ్డా?" అన్నాడని నమ్మి బయానా ఇచ్చేశాం. గది కడుగుదామని వెళ్తే తలుపుకి ఎవరిదో తాళం! మామ గదిని పరపతి సంఘంలో తాకట్టు పెట్టాడనీ, అప్పు కట్టకపోతే వాళ్లే తాళం వేశారనీ పక్కింటావిడ చెప్పింది.

ఫోన్ చేస్తే మామ సుత్తి పట్టుకుని వచ్చాడు. "పలగ్గొడ్త. ఎవడడుగుతడో చూస్త!"

నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. చాల్‌వాళ్లంతా గుమిగూడారు.

"అందరి ముందల నా ఇజ్జత్ తీస్తున్నవే!" అని అరిచాడు.

"తాకట్టు గది నాకు అంటగట్టినప్పుడు ఏడబోయింది మామా నీ ఇజ్జత్?"

సుత్తి చేతిలో ఉండగానే ఆయన్ని సంఘం ఆఫీసుకు నడిపించాను. మేమివ్వాల్సిన మిగతా డబ్బులోంచి ఆయన అప్పు అక్కడే కట్టేశాను. తాకట్టు తీరిందని రాయించుకున్నాకే తాళం తీయించాను.

గృహప్రవేశానికి పిలవలేదని మామ ఇప్పటికీ వాడంతా చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ. పిలిస్తే ఉత్త చేతులతో వస్తాడని నమ్మకమేమిటి?